స్టార్ చార్ట్ పెట్టాం, ఇప్పుడు మంచినీళ్లు ఇవ్వడానికి కూడా రేటు అడుగుతోంది

పటమట అమ్మ | శుక్రవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈసారి రాయక తప్పడం లేదు.

మాది విజయవాడ, పటమట. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లమే. పాపకు 7, బాబుకు 4. వేసవి సెలవులు. మా పనమ్మాయి కూతురి పురుడని ఊరెళ్లి మూడు వారాలైంది. అత్తయ్యగారు మాతోనే ఉంటారు కానీ మోకాళ్ల నొప్పులు, వంగలేరు. పిల్లలకు కాస్త పనులు అలవాటు చేద్దాం, ఫోను చూడటం కూడా తగ్గుతుంది కదా అని ఒక చార్ట్ గీసి ఫ్రిజ్ మీద అంటించాను. పక్క సర్దితే ఒక స్టార్, తిన్న కంచం సింకులో వేస్తే ఒకటి, బొమ్మలన్నీ బుట్టలో వేస్తే రెండు. పది స్టార్లకు ఐస్‌క్రీమ్.

మొదటి వారం ఇల్లు అద్దంలా మెరిసింది. రెండో వారం బేరాలు మొదలయ్యాయి. "ఇవాళ బొమ్మలు ఎక్కువున్నాయి, మూడు ఇవ్వాలి" అని. తమ్ముడికి లెక్క తెలియదు కాబట్టి వాడి స్టార్లు పీకి తన వరసలో అంటించుకుంటోంది. నిన్న అత్తయ్యగారు మాత్ర వేసుకోవాలి, "గ్లాసుడు మంచినీళ్లు తెచ్చిపెట్టమ్మా" అన్నారు. ఇది కూర్చున్న చోటు నుంచి కదలకుండా "ఎన్ని స్టార్లు నాన్నమ్మా?" అంది. ఆవిడ నా వంక చూశారు. ఆ చూపు గురించి ఇక్కడ రాయను.

బేరాలు లేకుండా, అరుపులు లేకుండా, పిల్లలు సరదాగా పని చేయాలంటే మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు? చిన్న చిట్కా అయినా చెప్పండి.

బ్రోడీపేట పిన్ని | శుక్రవారం, రాత్రి 10:41

"ఎన్ని స్టార్లు నాన్నమ్మా" చదివి నవ్వాపుకోలేకపోయాను, ఏమీ అనుకోకండి.

మాది గుంటూరు. మా ఇంట్లో ఏటా కొత్త చింతపండు వచ్చే రోజుల్లో ఒకేసారి 5 కిలోలు కొని, గింజలు, ఈనెలు తీసి, ఉప్పు వేసి జాడీకి ఎత్తుతాం. ఆ పని మా ఇద్దరు పిల్లలదే. ఎందుకు చేస్తారంటే పిక్కలన్నీ వాళ్లవి. వామనగుంటలు ఆడతారు, రెండు వైపులా ఏడేసి గుంటలు, పిక్కలు ఎన్ని ఉన్నా చాలవు. కొన్నింటిని గచ్చు మీద ఒకవైపు తెల్లగా వచ్చేదాకా అరగదీసి అష్టాచెమ్మాకు పందేల్లా వాడతారు. ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ అలాగే గడిచిపోతాయి. నేను ఎవరికీ స్టార్ ఇవ్వలేదు, పిక్కలు ఇచ్చాను.

అన్ని పనులకూ పిక్కలుండవనుకోండి. వెల్లుల్లి వలవమంటే మా వాడు ఇప్పటికీ బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంటాడు.

కృష్ణలంక బ్యాచిలర్ | శుక్రవారం, రాత్రి 10:58

ఇక్కడ బహిరంగంగా బాలకార్మిక వ్యవస్థ నడుస్తోంది. ఎవరైనా కేసు పెట్టండి 😀

ప్లీడరు గుమాస్తా | శుక్రవారం, రాత్రి 11:15

తమ్ముడూ, సరదాకన్నావు గానీ చెప్తాను. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ. బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని పనుల్లో ఇంటివాళ్లకు సాయం చేయడాన్ని మాత్రం అదే చట్టం మినహాయించింది. కాబట్టి చింతపిక్కలు తీయొచ్చు. నీ గది నువ్వు ఊడ్చుకోవడానికి ఏ చట్టమూ అడ్డం రాదు.

లెక్కల మాస్టారు | శనివారం, ఉదయం 6:05

పటమట అమ్మగారూ, మీ పాప తప్పేమీ లేదు. మీరు నేర్పిన లెక్కే అది మీకు తిరిగి అప్పజెప్పింది.

గుంటూరులో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా బి.ఎడ్. రోజుల్లో చదివిన ఒక ప్రయోగం ఇప్పటికీ మరచిపోలేదు. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చేశారు. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే 3 నుంచి 5 ఏళ్ల పిల్లలను తీసుకుని, కొందరికి "బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగతావారికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత రంగులు మళ్లీ తరగతిలో పెట్టి, ఏ బహుమతీ లేకుండా ఎవరు ఎంతసేపు వేస్తారో చూశారు. ముందుగా ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లు గడిపిన సమయంలో దాదాపు సగమే గడిపారు. ఇష్టంతో చేసేది కాస్తా కూలికి చేసేది అయిపోయింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ నష్టం రాలేదు, గమనించండి.

అక్కడా నక్షత్రమే, మీ ఫ్రిజ్ మీదా నక్షత్రమే.

చార్టు తీసేయండి. కానీ ఇప్పటిదాకా ఇస్తామన్న ఐస్‌క్రీములు మాత్రం బాకీ లేకుండా ఇచ్చేయండి. అప్పు ఎగ్గొడితే అసలుకే మోసం.

నైట్ షిఫ్ట్ నాన్న | శనివారం, ఉదయం 7:30

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే కొంచెం తేడాగా చెప్తాను. మా ఇంట్లో చార్ట్ రెండేళ్లుగా ఉంది, బాగానే పనిచేస్తోంది. తేడా ఏమిటంటే మా దాంట్లో బహుమతి లేదు. ఎవరు ఏ పని చేశారో టిక్కు పెట్టుకోవడమే. నా పేరు, మా ఆవిడ పేరు కూడా ఉంటాయి. నేను పెట్టాల్సిన టిక్కు పెట్టకపోతే మా చిన్నది వచ్చి నిద్ర లేపుతుంది.

ఇక సరదా సంగతి. మాది భవానీపురం. బాల్కనీ కడగడం మా ఇంట్లో కృష్ణా వరద. మెట్టు మీదున్న బకెట్ పులిచింతల. బాల్కనీ అంచున చీపురు అడ్డంపెట్టిన చోటు ప్రకాశం బ్యారేజీ. మా పెద్దది "పులిచింతల నుంచి నీళ్లు వదిలారు, లోతట్టు వాళ్లు జాగ్రత్త" అని అరుస్తుంది, చిన్నది "70 గేట్లూ ఎత్తేశాం" అని చీపురు తీసేస్తుంది. నీళ్లు గొట్టంలోకి పోతే హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసినట్టు. తులసి, మందారం, కరివేపాకు కుండీలకు ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ అని పేర్లు పెట్టుకున్నారు, ఏ కాలువకు ఎన్ని చెంబులు వదలాలో రోజూ పంచాయితీ. కింది ఇంటావిడ రెండుసార్లు నిజంగానే వరద హెచ్చరిక జారీ చేశారు. ఇప్పుడు ముందుగా ఆవిడకు చెప్పి కడుగుతున్నాం.

టీచరమ్మ | శనివారం, మధ్యాహ్నం 2:10

చిన్నపిల్లల బడిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇక్కడ అందరూ "పనిని ఆటగా ఎలా మార్చాలి" అని ఆలోచిస్తున్నారు. నా అనుభవం దానికి అడ్డంగా ఉంటుంది, కొంచెం ఓపికగా చదవండి.

మూడేళ్ల పిల్లాడికి ప్లాస్టిక్ కూరగాయలు, ప్లాస్టిక్ కత్తి ఇవ్వండి. అయిదు నిమిషాలు ఆడి విసిరేస్తాడు. నిజం చిక్కుడుకాయలు ఇచ్చి ఈనెలు తీసి చూపించండి. అరగంట కదలడు. వాడికి కావలసిన సరదా మనం అనుకునే చోట లేదు. అమ్మ చేసే అసలు పని తన చేత్తో చేయడం, చేశాక అది నిజంగా కూరలో పడటం, అదీ వాడికి పండగ. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆవిడ పద్ధతిలో మొదటి పాఠం అక్షరాలు కాదు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి గింజలు పోయడం, నీళ్లు ఒలక్కుండా వంపడం, గుడ్డ మడత పెట్టడం, బల్ల తుడవడం.

రెండేళ్లప్పుడు ప్రతి పిల్లా చీపురు పట్టుకుని వెనకాలే తిరుగుతుంది. గుర్తు చేసుకోండి. అప్పుడు మనం ఏమంటాం? "నువ్వు వెళ్లి ఆడుకో, నాకు పని పెంచకు." అయిదేళ్లపాటు అలా అని, ఏడో ఏట "ఇంత పెద్దదానివయ్యావు, ఒక్క పని చేయవు" అంటాం. నేనూ మా పెద్దమ్మాయిని అలాగే పంపించేశాను, అందుకే ధైర్యంగా చెప్తున్నాను.

ఇంట్లో చేయగలిగినవి చెప్తాను. చీపురు వాళ్ల ఎత్తుకు తగ్గించండి. పుల్లల చీపురు వద్దు, మెత్తటిది తీసుకుని పట్టుకునే చోట కోసి గుడ్డ చుట్టండి. నేల మీద సుద్దముక్కతో ఒక గుండ్రం గీయండి, చెత్త అంతా అందులోకి రావాలి. "శుభ్రంగా ఊడువు" అంటే నాలుగేళ్లవాడికి ఏం అర్థమవుతుంది? "గుండ్రంలోకి తీసుకురా" అంటే అర్థమవుతుంది. పని చూపించేటప్పుడు మాట్లాడకండి. మన నోరు చూడాలో చేయి చూడాలో వాళ్లకు తెలియదు. నెమ్మదిగా, ఒక్కసారి చేసి చూపించి పక్కకు జరగండి.

ఆఖరిది అన్నిటికంటే కష్టం. వాళ్లు మడత పెట్టిన టవల్ వంకరగా ఉంటుంది. వాళ్లు చూస్తుండగా విప్పి మళ్లీ మడత పెట్టకండి. పెట్టారంటే వాళ్లు చేసినదానికి విలువ లేదని చెప్పినట్టే. నాకు చేతులు దురద పెట్టేవి. ఇప్పటికీ పెడతాయి. వాళ్లు పడుకున్నాక కూడా ముట్టుకోను, ఎందుకంటే ఒకసారి మా చిన్నవాడు పొద్దున్నే అల్మారా తీసి కనిపెట్టేశాడు.

సత్యనారాయణపురం బామ్మ | శనివారం, సాయంత్రం 5:45

(బామ్మ చెప్తుంటే మనవడు టైపు చేస్తున్నాడు)

మా రోజుల్లో ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. వడియాలు పెట్టిన రోజు పిల్లలందరికీ డాబా మీద కాకుల కాపలా. కర్ర ఒకడికి, గొడుగు ఒకడికి. కాకులు ఎన్ని తిన్నాయో తెలియదు గానీ, సగం ఎండిన వడియాలు కాపలాదారులే తినేవాళ్లు. ఆ రుచి నూనెలో వేయించినదానికి రాదు. ముగ్గు వేస్తుంటే చుక్కలు పిల్లలు పెట్టేవాళ్లు, 7 చుక్కలు 7 వరసలు అంటే ఎన్నో పలక లేకుండా చెప్పేవాళ్లు.

ఆడపిల్లకు తప్పకుండా నేర్పండి. కానీ ఆ నాలుగేళ్ల మగపిల్లాడి చేతికి చీపురేమిటమ్మా, చోద్యం కాకపోతే.

ఇద్దరు కొడుకుల తల్లి | శనివారం, సాయంత్రం 6:20

బామ్మగారూ, కోప్పడకండి. నాకు ఇద్దరూ మగపిల్లలే. చీపురు వాళ్లకివ్వకపోతే జీవితాంతం నేనే పట్టుకోవాలి.

2019లో కేంద్రం దేశమంతా ఒక సర్వే చేసింది, ఎవరు రోజులో ఎంతసేపు ఏం చేస్తున్నారని. జీతం లేని ఇంటిపనిలో ఆడవాళ్లలో 81 శాతం మంది పాలుపంచుకుంటే, మగవాళ్లలో 26 శాతం. చేసేవాళ్ల వరకే చూసినా ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97. ఆరేళ్లు దాటినవాళ్లందరినీ కలిపిన లెక్క ఇది. అంటే ఇదంతా ఒకటో తరగతి నుంచే మొదలవుతోందన్నమాట.

నా పెద్దవాడికి పదకొండు. దోసె గుండ్రంగా వేస్తాడు. మావాళ్లలో ఒకావిడ వచ్చి "పాపం, ఆడపిల్ల లేదుగా" అంది. వాడు వేసిన దోసెలు నాలుగు తిన్నాకే అంది.

నైట్ షిఫ్ట్ నాన్న | శనివారం, సాయంత్రం 6:34

ఆ 26 శాతంలో నన్ను కూడా లెక్కేసుకోండమ్మా. బాల్కనీ కడుగుతాను.

ఇద్దరు కొడుకుల తల్లి | శనివారం, సాయంత్రం 6:36

చూశాం. కింది ఇంటావిడ సాక్ష్యం కూడా ఉంది.

సత్యనారాయణపురం బామ్మ | శనివారం, రాత్రి 7:50

నేనన్నది దీపాలు పెట్టాక చీపురు పట్టకూడదని. పగలు ఎవరు పట్టుకుంటే నాకేం. మా ఆయన ఎంత బాగా వంకాయ కారం చేసేవారో ఈ మనవడికి తెలియదు.

(ఆవిడ అలా అనలేదు, మగపిల్లాడనే అంది. నేను సాక్షిని. — మనవడు)

కొత్తపేట నర్సు | శనివారం, రాత్రి 9:15

డ్యూటీ అయి ఇప్పుడే చూశాను. అందరూ సరదా గురించే చెప్తున్నారు, నేను భయపెట్టేవి చెప్తాను.

బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ పొడి పిల్లలకు అందనివ్వకండి, రెండూ కలపకండి. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, పెద్దవాళ్లకే ఊపిరాడదు. ఫినాయిల్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. చదవడం రాని పిల్లాడికి సీసా ఆకారమే పేరు. నడక వచ్చీరాని పసివాళ్లున్న ఇంట్లో బకెట్‌లో నీళ్లు నిలవ ఉంచకండి, పని అవగానే బోర్లించండి. తలకిందులుగా పడితే అడుగున రెండంగుళాల నీళ్లున్నా ప్రాణం పోతుంది. కుక్కరు, వేడి గంజి, ఇస్త్రీపెట్టె ఇప్పుడే వద్దు.

ఇక మన గుంటూరువాళ్ల కోసం ప్రత్యేకంగా. డాబా మీద మిరపకాయలు ఆరబోశారని పిల్లల చేత తొడిమలు తీయించకండి. మిర్చి యార్డు దగ్గర ఆ పని చేసే ఆడవాళ్లను అడగండి, రాత్రి చేతులు ఎలా మండుతాయో చెప్తారు. మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే చేతులు మండితే ముందు కాస్త నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. కంట్లో పడితే మాత్రం నూనె కాదు, రుద్దనివ్వకుండా ధారగా మంచినీళ్లతో కడుగుతూ ఉండాలి. తగ్గకపోతే డాక్టర్ దగ్గరకు.

సింగ్‌నగర్ నాన్న | ఆదివారం, ఉదయం 8:00

2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మా ఇంట్లో నడుము లోతు నీళ్లు. రోజుల తర్వాత నీళ్లు తీశాక వెళ్లి తలుపు తీస్తే మోకాలి దాకా బురద, ఆ వాసన. మా ఆవిడ గడపలోనే కూర్చుండిపోయింది. మా వాడికి అప్పుడు ఆరేళ్లు. మేం ఏమీ చెప్పలేదు. వాడు బురదలోంచి తన స్టీలు గ్లాసు ఏరుకుని, ట్యాంకర్ నీళ్ల దగ్గరకు వెళ్లి కడిగి, తెచ్చి అరుగు మీద బోర్లించాడు. తర్వాత ఇంకో గిన్నె. సాయంత్రానికి అరుగు నిండా గిన్నెలు. మేమూ లేచాం.

ఆ పని సరదాగా ఉందని నేననను. కానీ ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా "ఈ గిన్నెలన్నీ నేనే కడిగాను" అని చూపిస్తాడు. టీచరమ్మగారు అసలు పని గురించి రాసింది చదివి ఇది గుర్తొచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో వాడు దోమల ఇన్‌స్పెక్టర్. ప్రతి శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లన్నీ పారబోసే రోజు. కూలరు, కుండీల కింది పళ్లాలు, ఫ్రిజ్ వెనకాల తొట్టి, డాబా మీద పాత టైరు, అన్నీ టార్చిలైటు వేసి చూస్తాడు. డెంగ్యూ దోమ ఎక్కువగా నిలవ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే వారానికోసారి పారబోస్తే చాలు. కానీ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. అందుకని పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతాడు. ఒకసారి పళ్లెంలో తోకపురుగులు (దోమ లార్వాలు) దొరికితే గాజు సీసాలో పట్టి ఇంటి ఓనరుకు చూపించాడు. ఓనరు మర్నాడే డాబా శుభ్రం చేయించాడు. రెండేళ్లుగా నేను చెప్తే చేయించనివాడు.

బ్రోడీపేట పిన్ని | ఆదివారం, ఉదయం 8:22

ఆ గ్లాసు సంగతి చదివి కాసేపు ఏమీ తోచలేదండి. బాబుకు మా ఆశీస్సులు.

పటమట అమ్మ | బుధవారం, రాత్రి 10:05

అందరికీ చాలా థాంక్స్. ఇప్పటిదాకా జరిగింది రాస్తాను, అన్నీ బాగా జరిగాయని కాదు.

మాస్టారు చెప్పినట్టు బాకీ ఐస్‌క్రీములు ఇప్పించి చార్ట్ తీసేశాం. పాప ఒకరోజంతా మాట్లాడలేదు. సమ్మె అనుకోండి.

చిన్నాడికి సుద్ద గుండ్రం అద్భుతంగా నచ్చింది. ఎంత నచ్చిందంటే ఊడ్చిన చెత్త మళ్లీ హాలంతా చల్లి మళ్లీ గుండ్రంలోకి తెస్తున్నాడు. ఇప్పుడు రోజుకు మూడుసార్లు. నాకు పని తగ్గలేదు, పెరిగింది. అయినా వాడు ఫోను అడగలేదు.

కంచాలు తుడవమంటే ఒక గాజు గిన్నె పగిలింది. నేను అరిచాను. రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను. తర్వాత అత్తయ్యగారు "స్టీలువి ఇవ్వలేకపోయావా" అన్నారు. అదీ నిజమే.

అసలు చిక్కు పాపతో. చిక్కుడుకాయలు ఇస్తే "ఇది తమ్ముడి పని, నాకొద్దు" అంటోంది. టీచరమ్మగారూ, ఏడేళ్లదానికి ఏం చేయాలి?

టీచరమ్మ | బుధవారం, రాత్రి 10:40

వాడు చెత్త చల్లుకుని మళ్లీ ఊడుస్తున్నాడంటే ఆపకండి. వాడికి ఇల్లు శుభ్రం కావడం కాదు, ఊడవడం కావాలి. కొన్నాళ్లకు తృప్తి తీరుతుంది.

పాప చెప్పింది న్యాయంగానే ఉంది. ఆరేడేళ్లు వచ్చాక చిన్న చిన్న ముక్కలు పనికిరావు. ఒక పని మొదటినుంచి చివరిదాకా వాళ్ల చేతికి ఇవ్వాలి, అందులో నిర్ణయాలు కూడా వాళ్లవే కావాలి. తడి చెత్త, పొడి చెత్త శాఖ ఇచ్చి చూడండి. పచ్చ డబ్బాలో ఏది, నీలం డబ్బాలో ఏది, బండి వచ్చినప్పుడు అందించడం, నాన్న తప్పు డబ్బాలో వేస్తే పట్టుకోవడం. నాన్నను పట్టుకోవడం ముఖ్యం.

లేదంటే ఈ రోజుల్లో మీ ఇంట్లో జరిగే పెద్ద పనేదో అందులో కలపండి. ఆవకాయ పెట్టారా?

పటమట అమ్మ | బుధవారం, రాత్రి 10:44

ఈ ఆదివారం అనుకుంటున్నాం. ప్రతి ఏడూ పిల్లలను పక్కింటికి పంపించి పెడతాను.

సత్యనారాయణపురం బామ్మ | గురువారం, ఉదయం 9:00

పంపించకు. ముక్కలు తుడవడం పిల్లల పనే. మార్కెట్లో కత్తిపీట మీద కొట్టించుకొచ్చాక ఒక్కో ముక్కకూ జీడి తీయాలి, లోపలి పల్చటి పొర తీయాలి, పొడిగుడ్డతో తుడవాలి. టెంకె అంటుకుని ఉండాలి, లేకపోతే ముక్క మెత్తబడుతుంది. తడి తగిలితే బూజు పడుతుందని చెప్పు, వాళ్లే చేతులు తుడుచుకుంటారు. నాన్నమ్మను కుర్చీలో కూర్చోబెట్టి పెత్తనం ఆవిడకివ్వు. కారం, ఆవపిండి దగ్గరకు మాత్రం రానివ్వకు.

పటమట అమ్మ | ఆదివారం, రాత్రి 9:30

ఇరవై అయిదు కాయలు. హాల్లో పాత చీర పరిచాం. అత్తయ్యగారు కుర్చీలో. పాపకు పరిశీలన శాఖ. తుడిచిన ప్రతి ముక్కా దాని చేతిలోంచి వెళ్లాలి, జీడి కనిపిస్తే వెనక్కి. నాకు ఆరు వెనక్కి వచ్చాయి. మావారికి పద్నాలుగు. ఆయన టీవీ చూస్తూ తుడుస్తున్నారని పాప రిపోర్ట్ ఇచ్చింది, టీవీ ఆపించింది. చిన్నాడు తుడిచిన ముక్కలకు ఉప్పు అద్దుకుని తింటున్నాడని చాలాసేపటికి కనిపెట్టాం. వాడు మాత్రం "ఇది బాగాలేదు, అందుకే తిన్నాను" అని ప్రతి ముక్కకూ ఒక కారణం చెప్పాడు.

కారం కలిపేటప్పుడు ఇద్దరినీ గుమ్మం అవతల కూర్చోబెట్టాను. రెండుసార్లు తుమ్మి వాళ్లే ఇంకా దూరం జరిగారు.

మధ్యలో అత్తయ్యగారు మంచినీళ్లు అడిగారు. పాప లేవలేదు. "నా చేతులు తడవకూడదు నాన్నమ్మా, తమ్ముణ్ణి పంపిస్తా" అంది. వాడు తెచ్చాడు, సగం దారిలో ఒలికింది, చీర మీద పడలేదు.

లెక్కల మాస్టారు | ఆదివారం, రాత్రి 9:52

నీళ్లొచ్చాయి. అది చాలు. పాళ్లెంత వేశారు?

పటమట అమ్మ | ఆదివారం, రాత్రి 9:58

నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు మాస్టారూ. పప్పునూనె.

బ్రోడీపేట పిన్ని | ఆదివారం, రాత్రి 10:03

ముప్పావు సరిపోదండి. మూడో రోజు తిరగకలిపేటప్పుడు రుచి చూసి వేసుకోండి. వెల్లుల్లి వేయలేదా?

పటమట అమ్మ | ఆదివారం, రాత్రి 10:06

వలిచేవాళ్లు దొరకలేదు. మీ వాణ్ణి పంపిస్తారా?

కృష్ణలంక బ్యాచిలర్ | ఆదివారం, రాత్రి 10:10

నేను వలుస్తాను. నిజంగా. ఒక చిన్న సీసాడు ఆవకాయ ఇస్తే చాలు.

ఇద్దరు కొడుకుల తల్లి | ఆదివారం, రాత్రి 10:12

మాస్టారూ, చూశారా, బహుమతి పనిచేస్తోంది.

పటమట అమ్మ | మంగళవారం, రాత్రి 9:15

ఇవాళ తిరగకలిపాం. పిన్నిగారూ, ఉప్పు తగ్గింది, మీరే కరెక్ట్. జాడీకి వాసెన కట్టాక పాప స్కెచ్ పెన్ తీసుకుని ఒక కాగితం మీద "ఆవకాయ. ముక్కలు చూసింది నేను" అని రాసి జాడీకి అంటించింది. తమ్ముడు తన పేరు కూడా రాయమని ఏడిస్తే కింద ఇంకో వరస కలిపింది: "తిన్నది తమ్ముడు." వాడికి చదవడం రాదు, సంతోషంగానే ఉన్నాడు.